నాలుగు మూలల పసుపు

చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి పద్మిని ఇస్త్రీపెట్టె ఆనించింది. సుయ్యిమని ఆవిరి లేచింది. ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు, చివరికి ముందువైపు. పెళ్ళయి అమెరికా వచ్చిన నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్న ఏడింటికి ఇదే పని, ఇదే వరస. ఇవాళ్టిది లేతనీలం చొక్కా. పది గంటలకు ఆఫీసులో విచారణ ఉందనీ, ఎక్కడా ముడత కనపడకూడదనీ సూర్యప్రకాశ్ స్నానానికి వెళుతూ ఒకసారి, బాత్‌రూమ్ తలుపు సందులోంచి ఇంకోసారి చెప్పాడు.

ఆ విచారణ దేని గురించో గుర్తుందిగా? పోయిన వారం రేణుని చక్రాల కుర్చీతో సహా మళ్ళీ ఇల్లు చేర్చిన దగ్గర కథ ఆపాం. రేణు అంటే పద్మిని స్నేహితురాలు జయంతి కూతురు. పదిహేడేళ్ళ పిల్ల. పుట్టుకతోనే కాళ్ళు పనిచెయ్యవు. అలాంటి పిల్లలు పన్నెండు మంది ఒక సెంటరుకు వెళతారు. వేసవిలో ప్రతి శనివారం సెంటరు వాళ్ళు కౌంటీ బస్సును అద్దెకు తీసుకుని పిల్లల్ని సరస్సుకు, ఈతకు తీసుకువెళ్ళేవారు. ఆ బస్సుకు లిఫ్టు ఉంది. కుర్చీలో కూర్చున్న పిల్లను కూర్చున్నట్టే పైకెత్తి లోపల దించుతుంది. నేల మీద అడుగు వెయ్యలేని రేణు నీళ్ళలో మాత్రం ఎవరి సాయమూ లేకుండా ఒడ్డు నుంచి తాడు దాకా వెళ్ళి వచ్చేది.

ఈ ఏడాది ఆ బస్సు ఆగిపోయింది. సర్కారు సొమ్ముతో నడిచే బస్సులు అద్దెలకు తిరిగి ప్రైవేటు బస్సులవాళ్ళ నోటి దగ్గర కూడు తియ్యకూడదని వాషింగ్టన్ వాళ్ళు పోయినేడు, అంటే ఎనభై ఏడులో, ఒక రూలు తెచ్చారు. కౌంటీ వాళ్ళు ముందు పేపర్లో ప్రకటన వెయ్యాలి. నెల రోజుల్లో ఒక్క ప్రైవేటు కంపెనీ అయినా "మాకిష్టమే, మా దగ్గర అలాంటి బండి ఉంది, లైసెన్సు ఉంది" అని ఉత్తరం రాస్తే చాలు, కౌంటీ బస్సు షెడ్డులోంచి కదలకూడదు. మేపుల్ క్రౌన్ కోచ్ అనే కొత్త కంపెనీ అలా రాసింది. లిఫ్టు ఉన్న బస్సు కూడా ఉందని రాసింది. మొన్న శనివారం వాళ్ళ బస్సు వచ్చింది. లిఫ్టు లేదు. ఎత్తయిన మెట్లు మూడున్నాయి. ముందుగా రేణుని ఇద్దరు మగవాళ్ళు చేతులతో ఎత్తబోయి రెండో మెట్టు మీద పడేశారు. మిగతా పదకొండు మంది పిల్లలూ పేవ్‌మెంటు మీద కుర్చీల్లో కూర్చుని అది చూశారు.

కౌంటీ ఆఫీసులో అద్దె బస్సుల విభాగం సూర్యప్రకాశ్‌ది. ప్రకటన వేయించేదీ, వచ్చిన ఉత్తరాలు విప్పేదీ, సరిగా ఉన్నాయని ముద్ర కొట్టేదీ అతనే. అందుకే విచారణలో అతన్ని కూర్చోమన్నారు.

చొక్కా హాంగరుకు తగిలిస్తుండగా డోర్‌బెల్ మోగింది.

"ఏమే పద్మినీ, పెసరట్లా? ఫార్మింగ్టన్ హిల్స్ ఊరంతా అల్లం వాసన కొడుతోంది! మీ పక్కింటి తెల్లాయన కంప్లయింటు ఇస్తాడు చూడు" అంటూ జయంతి చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

అది ఆవిడ తీరు. ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. భర్త పోయి ఆరేళ్ళయింది. నోరు మూతపడితే ఇంటి కప్పు మీద పడుతుందన్నట్టు ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఏ ఇంటికి వెళ్ళినా 'వెళ్ళొస్తా' అన్న తర్వాత గుమ్మంలో ఇంకో అరగంట. జయంతి కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాకే అసలు కబుర్లు బయటికొస్తాయని స్నేహితులు నవ్వుతుంటారు. పద్మినికి మొదటి చలికాలం స్నోబూట్లు కొనిపెట్టింది ఆవిడే. డ్రైవింగు నేర్పింది ఆవిడే. చర్చి బేస్‌మెంటులో సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతారని చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి చేర్పించిందీ ఆవిడే.

"రేణు ఏదక్కా?"

"కార్లో ఉంది. మీకున్నవి రెండు మెట్లే గానీ, నన్నెవరూ ఎత్తొద్దు అంది. శనివారం నుంచి గది దాటలేదు తెలుసా? ఇవాళ ఆఫీసుకు వస్తానంది, అదే పదివేలు. అన్నయ్యగారున్నారా? ఒక్క మాట సాయం కావాలి. ఒకే ఒక్క మాట."

సూర్యప్రకాశ్ లేతనీలం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. తడి తల చక్కగా దువ్వి ఉంది. "రామ్మా, రా జయంతమ్మా. కూర్చో. పద్మినీ, చెల్లెమ్మకి అట్టు వెయ్యి. అల్లం చట్నీ కూడా."

వంటింటికీ భోజనాల బల్లకూ మధ్య గోడ లేదు. పద్మిని పెనం ముందు నిలబడి పిండి గరిటెతో తిప్పుతూ వింటోంది.

"నిన్న మా సెంటరు డైరెక్టరూ నేనూ మీ ఆఫీసుకు వెళ్ళాం అన్నయ్యగారూ. మీరేదో మీటింగులో ఉన్నారట. ఆ కంపెనీ ఫైలు చూపించమంటే చూపించారు. ఉత్తరం, దాని కవరూ కూడా గుచ్చి ఉన్నాయి. గడువులోపల వచ్చిందా లేదా అని పోస్టు ముద్ర చూడాలిగా, అందుకు దాచారట."

సూర్యప్రకాశ్ చేతిలోని అట్టు ముక్క ఒక్క క్షణం ఆగి, మళ్ళీ చట్నీ వైపు వెళ్ళింది. "ఫైలు చూపించారా? ఎవరు?"

"ఆ ఫ్రంట్ డెస్కు పెద్దావిడ. పాపం మంచిది, ఏమనకండి. అసలు సంగతి వినండి. కవరుకు నాలుగు మూలలా పచ్చగా మరకలు! ఆవిడంటుందీ, 'ఈ కంపెనీవాడు హాట్‌డాగ్ తింటూ కవరు అతికించినట్టున్నాడు, మస్టర్డ్ అంటుకుంది' అని. అదే, ఆ పచ్చటి ఆవాల ముద్ద. డైరెక్టరు కూడా నవ్వాడు. నేను కవరు ముక్కు దగ్గర పెట్టుకున్నాను." జయంతి గొంతులో నవ్వు పోయింది. "మస్టర్డ్ కాదు. పసుపు. వేలితో అద్దిన పసుపు. మా అమ్మ శుభలేఖలకు పెట్టినట్టు నాలుగు మూలలా."

పెనం మీద పెసరట్టు అంచులు గోధుమరంగులోంచి నల్లరంగులోకి తిరుగుతున్నాయి. పద్మిని చూస్తూనే ఉంది, అట్లకాడ కదల్లేదు.

మార్చి నెల. ఆదివారం. బయట మోకాలి లోతు మంచు. సూర్యప్రకాశ్ భోజనం చేసి లేచి, టైపు కొట్టిన కాయితం మీద వేలు పెట్టి "ఇక్కడ సంతకం" అన్నాడు. ఆమె పెట్టింది. వీసా కాయితాలు, బ్యాంకు కాయితాలు, టాక్సు కాయితాలు, అన్నీ అలాగే పెట్టింది. "కొత్త పని మొదలుపెడుతున్నాం పద్మా. ఇది మొదటి ఉత్తరం. డబ్బాలో వేసిరా" అని కవరు చేతికిచ్చాడు. మొదటి ఉత్తరం అన్న మాటకే ఆమెకు సంతోషమేసింది. పోపుల డబ్బా తీసి, వేలు తడిపి, నాలుగు మూలలా పసుపు అద్దింది. మంచు పడి తడవకుండా కవరును కోటు లోపల దాచుకుని వీధి చివరి పోస్టు డబ్బా దాకా నడిచింది. అంతా సవ్యంగా జరగాలని డబ్బాలో వేసేముందు దణ్ణం కూడా పెట్టుకుంది.

"మాడుతోంది పద్మినీ" అన్నాడు సూర్యప్రకాశ్.

ఆమె పెనం దించింది.

"అంటే మనవాళ్ళేనే!" జయంతి బల్ల మీద అరచేత్తో కొట్టింది. "తెలుగువాళ్ళే ఎవరో. సంతకం కూడా చూశా. ప్రెసిడెంటు పి. పోలవరపు అట. నీకెవరన్నా తెలుసా పోలవరపు వాళ్ళు?"

పద్మిని పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు అది. ఈ ఊళ్ళో అందరికీ ఆమె సూర్యప్రకాశ్‌గారి భార్య. ఆ ఇంటిపేరు ఇంకొకరి నోట విని నాలుగేళ్ళయింది.

ఆమె నోరు తెరిచేలోగా సూర్యప్రకాశ్ అందుకున్నాడు. "లేరమ్మా, ఇక్కడెవరూ లేరు. అట్లాంటాలో ఒకాయన ఉన్నట్టు విన్నాను." అని పద్మిని వైపు చూశాడు. కోపంగా కాదు, భయంగా కాదు. ఇంకో అట్టు కావాలన్నప్పుడు చూసినట్టు చూశాడు.

"ఎవరైతే నాకెందుకు లెండి, వాడి పాపాన వాడు పోతాడు. నాకు మా పిల్లల బస్సు కావాలి. డైరెక్టరు ఏం చెప్పాడంటే, ఉత్తరంలో రాసినదాన్ని పైవాళ్ళు ఊరికే తవ్వరట. అబద్ధమని ఆఫీసులో ఎవరికన్నా అనుమానం ఉంటేనే తవ్వుతారట. మీరు ఒక్క మాట అనండి అన్నయ్యగారూ. 'ఈ ఉత్తరం మీద నాకు అనుమానం ఉంది' అనండి. అంతే. వాళ్ళు బస్సు చూపించమంటారు. వీడు చూపించలేడు. శనివారానికి మన లిఫ్టు బస్సు బయటికొస్తుంది."

సూర్యప్రకాశ్ పేపరు న్యాప్‌కిన్ తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "చూడమ్మా. కాయితం సరిగా ఉంటే దాని వెనక్కి తొంగిచూసే అధికారం నాకు లేదు. రూలు అలా ఉంది. గట్టి కారణం ఉండాలి."

"నా కూతురు మెట్ల మీద పడింది. అది కారణం కాదా?"

"అది ఆ రోజు వచ్చిన బండి సంగతి. ఉత్తరంలో ఉన్నది వాళ్ళ దగ్గరున్న బండి సంగతి. రెండూ వేరు. నేనే రూలు తప్పితే రేపు నన్నెవరు నమ్ముతారు చెప్పు? రేణు నాకు మాత్రం కూతురు కాదా? రాత్రంతా కన్ను మూయలేదు, దాని గురించే ఆలోచిస్తూ."

రాత్రి పదింటికి పడుకుని పొద్దున్న ఆరు దాకా గురకపెట్టిన మనిషి. ఆ గురకకు నిద్రపట్టక కిటికీ వైపు తిరిగి పడుకున్న మనిషి ఇక్కడే ఉంది. పద్మినికి బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగున మెత్తగా, తడిగా ఏదో తగిలినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. అతని ఒంటి మీద చొక్కా ఎక్కడా ముడత లేదు. ఆ నునుపంతా తన చేతిదే.

"రేణుకి రెండు అట్లిచ్చి వస్తా అక్కా" అని ఫాయిల్ కాయితంలో చుట్టుకుని బయటికి నడిచింది.

డ్రైవ్‌వేలో జయంతి కారు. ముందు సీట్లో రేణు. జుట్టు గట్టిగా వెనక్కి కట్టి, తెల్ల చొక్కా వేసుకుంది. మోచేతి నుంచి మణికట్టు దాకా గీరుకుపోయి చెక్కుకట్టింది. కిటికీ దించి ఉంది.

"పెసరట్టు తింటావా రేణూ?"

"నో థ్యాంక్స్ ఆంటీ. నాకు హంగ్రీ లేదు." మళ్ళీ తనే అంది. "అంకుల్ హెల్ప్ చేస్తారా? మమ్మీ షూర్‌గా ఉంది."

పద్మిని ఫాయిల్ పొట్లం కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టింది.

"నేను అక్కడ మాట్లాడాలి. ప్రాక్టీస్ చేశాను. మమ్మీకి చెప్పలేదు ఇది." రేణు ముందు అద్దంలోంచి గరాజ్ తలుపు వైపు చూస్తూ మాట్లాడింది. "వాళ్ళు నన్ను ఎత్తారు కదా, ఫర్నిచర్ లాగా. ఒక మనిషి ఇక్కడ పట్టాడు, చేతి కింద. ఇంకో మనిషి కాళ్ళు. నా షర్ట్ పైకి వెళ్ళింది. నేను స్టాప్ అన్నాను. వాళ్ళు నాతో మాట్లాడలేదు, వాళ్ళే మాట్లాడుకున్నారు. 'లెఫ్ట్, లెఫ్ట్' అని. ఐ యామ్ సెవెన్‌టీన్, ఆంటీ. అందరు చూశారు."

పక్కింటాయన గడ్డి కోస్తున్న లాన్ మిషను ఆపి వీళ్ళ వైపు చెయ్యి ఊపాడు. పద్మిని ఊపలేదు.

"లిఫ్ట్ ఉంటే ఎవరు ముట్టుకోరు" అంది రేణు. "స్విమ్మింగ్ కూడా కాదు. అదే నాకు ఇష్టం. ఎవరు ముట్టుకోరు."

పద్మిని గరాజ్ లోంచి వంటింట్లోకి వచ్చేసరికి సూర్యప్రకాశ్ అక్కడ కాఫీ పోస్తున్నాడు. అవతల సోఫాలో జయంతి సెంటరు డైరెక్టరుకు ఫోను చేస్తోంది. గట్టిగా మాట్లాడుతోంది. ఆ గొంతు చాటున అతను నెమ్మదిగా అన్నాడు.

"మొహం అలా పెట్టకు. పసిగడుతుంది."

"ఆ కవరు మీరే ఇచ్చారు."

"ఇచ్చాను. పసుపు పుయ్యమన్నానా? ఎవరు పుయ్యమన్నారు నిన్ను? డిట్రాయిట్‌కొచ్చినా నీ పల్లెటూరి బుద్ధి పోలేదు. ఆ ముసల్ది మస్టర్డ్ అనుకుంది కాబట్టి సరిపోయింది."

"మంచి పని మొదలుపెడుతున్నాం అన్నారు. అందుకని పెట్టాను." ఆమె గొంతు కూడా పైకి లేవలేదు. "లిఫ్టు బస్సు ఉందా మీ దగ్గర?"

"వస్తుంది. కొంటాం. ఈ దేశంలో ముందు కాయితం, తర్వాత బండి. పదేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని చూస్తున్నా అందరివీ. తెల్లవాడు చేస్తే బిజినెస్, మనం చేస్తే మోసమా?"

"ఉత్తరం రాసింది మీరు. దాన్ని విప్పింది మీరు. సరిగా ఉందని ముద్ర కొట్టిందీ మీరే."

"అందుకే సరిగా ఉంది" అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు. కాఫీలో చక్కెర వేసి చెంచాతో తిప్పాడు. "ఇంకో సంగతి తెలుసుకో. అందులో నా పేరు ఎక్కడా లేదు. ఉండకూడదు, నేను కౌంటీ ఉద్యోగిని. ప్రెసిడెంటువి నువ్వు. రేపు తేడా వస్తే అడిగేది నిన్నే. నాకేం తెలుసు, మా ఆవిడ ఏదో మొదలుపెట్టింది, నాకు చెప్పలేదు అంటాను. కాబట్టి మాట్లాడకుండా ఊరుకోవటం నీకే మంచిది. నీ మంచికే చెబుతున్నా."

నాలుగేళ్ళు ఈ మనిషి పక్కన పడుకున్నందుకు పద్మినికి మొదటిసారి తన మీద తనకే రోత పుట్టింది. చేతులు కడుక్కోవాలనిపించింది. సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది. సబ్బు రాసుకుంటూ, అతని వైపు చూడకుండా అడిగింది.

"అయితే ప్రెసిడెంటును నేనేనా?"

"అదేగా చెబుతున్నా ఇందాకట్నుంచీ."

"ఆ కంపెనీ తరఫున నేను రాస్తే చెల్లుతుందా?"

"నీ సంతకం లేకుండా ఒక్క కాయితం కదలదు" అన్నాడు, అంత పకడ్బందీగా ఏర్పాటు చేసినందుకు కాస్త గర్వంగా. కాఫీ కప్పులు రెండూ పట్టుకుని జయంతి దగ్గరికి వెళ్ళాడు.

పద్మిని చేతులు తుడుచుకుంది. ఫ్రిజ్ మీద సరుకుల జాబితా రాసుకునే పుస్తకం ఉంది. ఒక కాయితం చింపి, కౌంటరు మీద పెట్టి, ఇంగ్లీషులో రాసింది. నిలబడే రాసింది. చర్చి బేస్‌మెంటులో పెద్దావిడ నేర్పినట్టు చిన్న చిన్న వాక్యాలు. నా పేరు పద్మిని పోలవరపు. మేపుల్ క్రౌన్ కోచ్ ప్రెసిడెంటును నేను. మా కంపెనీకి లిఫ్టు ఉన్న బస్సు లేదు. ఎప్పుడూ లేదు. మార్చిలో మేము రాసిన ఉత్తరం నిజం కాదు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. కింద సంతకం, తేదీ. జులై పన్నెండు, పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది. తను చదివి పెట్టిన మొదటి సంతకం అది.

కవరులో పెట్టి అతికించింది. పోపుల డబ్బా మూత తీసింది. వేలు తడిపి నాలుగు మూలలా పసుపు అద్దింది. ఫైల్లో ఉన్న కవరు పక్కన దీన్ని పెట్టి చూస్తే ఒకే చెయ్యి అని ఎవరైనా చెప్పగలగాలి.

హాల్లోకి వెళ్ళేసరికి జయంతి తాళాలు చేతిలోకి తీసుకుని ఉంది. అంటే ఇంకో అరగంట ఉంటుందన్నమాట.

"...అది కాదు అన్నయ్యగారూ, మీరు ఊరికే ఒక్కసారి మనసులో..."

"అక్కా" అంది పద్మిని.

కవరు అందించింది. జయంతి దాన్ని చూసింది. ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిన అవసరం లేకపోయింది.

"పోలవరపు మా పుట్టింటి పేరు. ఆ పసుపు పెట్టింది నేనే. దేని మీద సంతకం పెట్టానో నాకు తెలియదు. తెలుసుకోకపోవటం నా తప్పే. టైపు కొట్టింది ఈయన. ఇందులో ఉన్నది నేను రాశాను. లిఫ్టు బస్సు లేదని. విచారణలో ఇవ్వు."

సూర్యప్రకాశ్ కప్పు కింద పెట్టాడు. "పద్మినీ, లోపలికి వెళ్ళు. చెల్లెమ్మా, దానికి రెండు రోజులుగా ఒంట్లో బాగాలేదు..."

"నాకు బాగానే ఉంది."

జయంతి పద్మిని మొహంలోకి చూసింది. తర్వాత అతని మొహంలోకి చూసింది.  

సూర్యప్రకాశ్ లేచి నిలబడ్డాడు. ఇంతసేపూ గొంతులో ఉన్న 'అమ్మా'లన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. "తీసుకెళ్ళు. బ్రహ్మాండంగా తీసుకెళ్ళు. తీసుకెళ్ళేముందు ఆ బస్సులెవరివో కూడా కనుక్కో. నీ తమ్ముడివి. రామమోహన్‌వి."

జయంతి చేతిలో తాళాలు గలగలమన్నాయి.

"పోయిన దీపావళికి ఈ సోఫాలోనే కూర్చుని ఏడ్చావు. ఫ్లింట్‌లో కార్ల ఫ్యాక్టరీ వాళ్ళు వాణ్ణి పనిలోంచి లేఆఫ్ చేశారు, ఏదో ఒక దారి చూపించండి అన్నయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను అన్నావు. చూపించాను. రెండు పాత బస్సులు కొన్నాడు. లైసెన్సు వాడిది. లిఫ్టు ఉందని రాస్తే సెంటరు పని కూడా మనకే వస్తుందంటే, రాయండి అన్నాడు. ఆ సెంటరులో ఎవరుంటారో వాడికి తెలీదా? శనివారం బస్సు తేవాల్సింది వాడే. మేనకోడలి మొహం చూడలేక డ్రైవరును పంపాడు."

"మీరు... " అంది పద్మిని.  

"ఆ కవరు అక్కడ పెడితే ఈవిడ ప్రెసిడెంటు కాబట్టి ఈవిడ పోతుంది. వాడికింకా గ్రీన్ కార్డు రాలేదు. సర్కారుకు దొంగ కాయితం ఇచ్చాడని తేలితే ఏమవుతుందో నీకు తెలుసు, నీ తమ్ముణ్ణి నువ్వే ప్లేన్ ఎక్కించాలి. నేను? నా పేరు ఎక్కడుంది?" అతను కఫ్ గుండీ సరిచేసుకున్నాడు. "పది గంటలకు నేను అక్కడే ఉంటాను చెల్లెమ్మా. ఆలోచించుకో."

ఎక్కడో దూరంగా పక్కింటాయన లాన్ మిషను మళ్ళీ మొదలైంది. జయంతి చేతిలోని కవరును కాసేపు చూసింది. ఒక మూల బొటనవేలితో తడిమింది. వేలికి పసుపు అంటింది. దాన్ని తుడుచుకోలేదు. కవరును హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు వేసింది. తన వైపు చూస్తుందేమో అనుకుంది పద్మిని. చూడలేదు.

చెప్పులేసుకుంది. తలుపు తీసుకుంది.

ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఏ గుమ్మం దగ్గరా వెళ్ళొస్తానని చెప్పకుండా, అరగంట ఆగకుండా కదలని మనిషి, రెండు మెట్లూ దిగి, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయింది.

పద్మిని కిటికీ దగ్గరికి వచ్చింది. కారు డ్రైవ్‌వేలోంచి వెనక్కి వచ్చి, వీధి చివర స్టాప్ సైన్ దాకా వెళ్ళి ఆగింది. వెనక సూర్యప్రకాశ్ ఫోను తిప్పుతున్న చప్పుడు. రామమోహన్‌కే అయి ఉంటుంది. అక్కడి నుంచి కుడికి తిరిగితే కౌంటీ ఆఫీసు. ఎడమకు తిరిగితే రామమోహన్ ఉండే ఫ్లింట్‌కు వెళ్ళే హైవే.

కారు వెనక అద్దంలోంచి రేణు తల ఒకసారి తల్లి వైపు తిరగటం కనిపించింది. వెనక ఇంకో కారు వచ్చి ఆగింది. హారన్ కొట్టింది. జయంతి కారుకు ఏ వైపు మలుపు లైటూ వెలగలేదు.